లిబ్రెఆఫీస్ రైటర్: ధరల పట్టికకు ఈ ట్యాబ్‌లు చాలు

మా పచ్చళ్ల షాపు ధరల పట్టిక టైప్ చేసేది నేనే. ఆవకాయ, గోంగూర, ఉసిరి ఎడమన, రేట్లు కుడి అంచున వరసగా రావాలి. స్పేస్‌బార్ కొట్టుకుంటూ పోతే తెలుగు ఫాంట్‌లో ఒక్క లైనూ కుదరదు, అక్షరాల వెడల్పు ఒకటి కాదు కదా! ఉచితంగా దొరికే ఈ టైపింగ్ సాఫ్ట్‌వేర్ రైటర్‌లో ఆ పని తేలిక. లైన్లన్నీ సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో పేరాగ్రాఫ్, అందులో ట్యాబ్స్‌కి (ట్యాబ్ కీ నొక్కితే ఎక్కడ ఆగాలో పెట్టే చోటు) వెళ్లాలి. పొజిషన్ 14 సెంటీమీటర్లు, టైప్ రైట్, ఫిల్ క్యారెక్టర్ చుక్కలు, ఆపైన న్యూ. ఇక పేరు తర్వాత ట్యాబ్ నొక్కితే చుక్కలు రేటు దాకా పరుచుకుంటాయి. 90 అయినా 1,150 అయినా చివరి అంకె ఒకే గీత మీద! పైసలు కూడా వేసేవాళ్లకు, దశాంశ బిందువు దగ్గర వరస కలిపే డెసిమల్ ట్యాబ్ ఉంది. రూలర్ మీద క్లిక్ చేసి కూడా ట్యాబ్ పెట్టొచ్చు గానీ, నాకు అంకె కొట్టి పెట్టడమే ఇష్టం.