నోటికి తాళం, వేలికి లేదు: బిడ్డింగ్ బాక్స్‌తో ఏడేళ్లు

ఒకే ముక్కలను అన్ని బల్లల దగ్గరా వేర్వేరు జోడీలు ఆడే పేకాట డూప్లికేట్ బ్రిడ్జి. అందులో బోర్డులు (పంచిన ముక్కలు) బల్ల నుంచి బల్లకు ఎలా తిరుగుతాయో, మార్కులు ఎలా వేస్తారో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆడేవారికి తెలిసినవే. నేను రాస్తున్నది బల్ల మూలకు తగిలించి ఉండే ప్లాస్టిక్ పెట్టె, బిడ్డింగ్ బాక్స్ గురించి. బిడ్ అంటే ఏ రంగు తురుపుగా, ఆరుకు పైన ఎన్ని పట్టులు గెలుస్తామో చెప్పే మాట. దాన్ని నోటితో అనకుండా ఈ పెట్టెలోని కార్డు తీసి చూపిస్తాం. ఏడేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు దాని పక్కన కూర్చుంటున్నాను. మొదటి నాలుగేళ్లు కనిపించిన ప్రతివారి దగ్గరా దాన్ని పొగిడాను. ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవలసి ఉంది.

నేను బ్రిడ్జి నేర్చుకున్నది నెల్లూరులో, మా పెదనాన్నగారి వసారాలో. అక్కడ బిడ్లన్నీ నోటితోనే. ‘పాస్’ అని టక్కున తెంచితే చేతిలో చెత్త అని అర్థం. ‘పా…స్’ అని సాగదీస్తే కాస్త సరుకుంది, నువ్వు ఇంకో మెట్టు ఎక్కవచ్చు అని. ‘పాసే మరి’ అంటే ఆసు ఉంది కానీ దానికి తోడు లేదని. దాన్ని మోసమని మాలో ఎవరూ అనుకోలేదు. ముప్పై ఏళ్ల అనుభవం అనుకున్నాం.

ఉద్యోగ విరమణ తర్వాత చెన్నైలో స్థిరపడ్డాక, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ జోడీ బ్రిడ్జిలో స్వర్ణం గెలిచిన వార్తను మా ఆవిడకు చదివి వినిపించి, ఇది జూదం కాదని ఒప్పించి క్లబ్బులో చేరాను. పశ్చిమ మాంబళం నుంచి నడిచి వెళ్లగలిగే దూరం. మొదటి సాయంత్రం హాల్లో పన్నెండు బల్లలున్నాయి, నలభై ఎనిమిది మంది ఉన్నారు, ఫ్యాన్ల చప్పుడు తప్ప మరొకటి లేదు. అందరూ పెట్టెలోంచి కార్డులు తీసి ముందు పరుస్తున్నారు. నాకు కుడి చెవి సగమే పని చేస్తుంది. నా తమిళం కూరగాయల బేరానికి సరిపోతుంది, అంతకు మించి కాదు. ఈ పెట్టెకు చెవితో గాని భాషతో గాని పని లేదు. ఎవరేమన్నారో మళ్లీ అడగనక్కరలేదు, బిడ్డింగ్ మొత్తం కళ్ల ముందే ఉంటుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి, స్వీడన్‌లో దీన్ని కనిపెట్టిన మహానుభావుడికి దండం పెట్టుకున్నాను.

చిన్న లోపాలు లేకపోలేదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో కార్డులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకసారి ఒక నోట్రంప్ (తురుపు లేని ఆట) తీయబోతే దాని వెనక కార్డు కూడా కలిసి వచ్చి రెండు కళావర్లు పడింది. వేలు జారితే, జోడీదారు తన బిడ్ చేయకముందే చెప్పి మార్చుకోవచ్చు. మనసు మారితే మాత్రం కుదరదు. వేలిని మన్నించి బుద్ధిని మన్నించని ఆ నియమం నాకు నచ్చింది.

అసలు సంగతి మూడేళ్ల క్రితం నవంబరులో జరిగింది. నా జోడీ మా వియ్యంకుడుగారు. అడయారు నుంచి వస్తారు, నెమ్మదైన మనిషి. ఎదుటివారితోనూ జోడీతోనూ మర్యాదగా మెలగాలని బ్రిడ్జి నియమావళి 74వ నియమం చెబుతుంది గాని, మా ఇంట్లో అంతకంటే గట్టిది ఉంది. ‘‘ముక్క తప్పు వేశారని ఆయన్ను ఒక్క మాట అన్నారంటే, అవతల అమ్మాయి కాపురం ఉందని గుర్తుంచుకోండి’’ అని మా ఆవిడ బయలుదేరేటప్పుడల్లా హెచ్చరిస్తుంది.

ఆ బోర్డులో నా కుడివైపు ఆవిడ ఒక ఆఠీనుతో మొదలుపెట్టారు. నా చేతిలో ఆసు, రాణి, జాకీతో ఆరు ఇస్పేట్లు, ఒకే ఒక్క ఆఠీను, నాలుగు డైమండ్లు, రెండు కళావర్లు. ఒక ఇస్పేటు అన్నాను. ఎడమవైపు ఆయన ఎర్రటి స్టాప్ కార్డు ఇలా పెట్టి అలా తీసేసి, నాలుగు ఆఠీన్లకు ఎగిరారు. నిజానికి ఆ కార్డు పది సెకన్లు బల్ల మీద ఉండాలి. ఆలోచన ఉన్నా లేకపోయినా తరువాతి మనిషి ఆ పది సెకన్లూ ఆగాలి, అప్పుడు ఎవరి తటపటాయింపూ బయటపడదు. క్లబ్బుల్లో ఎవరూ అంత ఓపిక పట్టరు.

మా వియ్యంకుడుగారి చేయి పెట్టె మీదికి వెళ్లింది. వెనక అరలో ముప్పై అయిదు బిడ్ కార్డులు. వేలు అక్కడ ఆగింది. ముందుకొచ్చి, ఎదుటివారి బిడ్‌ను సవాలు చేసే ఎర్రటి డబుల్ కార్డును తాకింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆయన ఫ్యాన్ వైపు చూశారు. అర నిమిషం తర్వాత ఆకుపచ్చ పాస్ కార్డు తీసి, ముగ్గు వేసినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. మా పెదనాన్న ‘పాసే మరి’ అన్నట్టే నాకు వినిపించింది, ఆ మొద్దు చెవికి కూడా.

కుడివైపు ఆవిడ పాస్. నేను నాలుగు ఇస్పేట్లు. వియ్యంకుడుగారు రాజుతో సహా మూడు ఇస్పేట్లు పరిచారు. దానికి కావలసిన పది పట్టులూ వచ్చాయి, 420 మార్కులు. హాల్లో మరెవరికీ రాని మార్కు. కాఫీ తాగాలనిపించింది.

అప్పుడు ఆవిడ నిదానంగా ‘డైరెక్టర్’ అని పిలిచారు.

నా ముఖం ఎర్రబడింది. ఆ పిలుపు నింద కాదని, ఏదైనా తేడా వస్తే పిలవడమే పద్ధతి అని తెలిసినా ఎర్రబడింది. పోటీ నడిపించి తగువులు తీర్చే డైరెక్టర్ వచ్చి అందరినీ అడిగారు. అవును, ఆలస్యమైంది. ఆలోచించడం మీ జోడీ తప్పు కాదని, దాని నుంచి లాభపడే బిడ్ ఎంచుకునే హక్కు మీకు లేదని నాతో అన్నారు. 2017 నియమావళిలో 16వ నియమం. నా ముక్కలు నా స్థాయి ఆటగాళ్లు నలుగురికి చూపించి, ఆలస్యం సంగతి చెప్పకుండా ఏమంటారని అడిగారు. ఇద్దరు నాలుగు ఇస్పేట్లన్నారు, ఇద్దరు పాస్ అన్నారు. సగం మంది పాస్ అన్నాక ఇక వాదన లేదు. ఫలితం మారింది. వాళ్లు నాలుగు ఆఠీన్లు గెలిచినట్టు, మాకు మైనస్ 420. తక్కిన బల్లలన్నింటితో సమానం. నాకు పడిన శిక్ష అందరిలా ఉండడమే. అయినా వారం రోజులు నిద్రపట్టలేదు. ఎదుట కూర్చున్నది చురుకైన మనిషి అయివుంటే, నాకు ఎలాగూ ఉన్న ఆరు ఇస్పేట్లతో నేను ఎలాగూ అనే బిడ్‌ను అననిచ్చేవారు కదా! నేను అనేవాడినే. ఈ రోజుకీ అదే మాట.

విరామంలో ఆవిడే మురుకుల డబ్బా మా ముందుకు జరిపారు. మా వియ్యంకుడుగారు రెండు తీసుకుని, ‘‘బావగారూ, ఇంతకీ నేను డబుల్ చేయవలసిందంటారా?’’ అని అడిగారు. మురుకులు బాగున్నాయన్నాను.

కాబట్టి పెట్టె నిశ్శబ్దం అని నేను మొదట్లో అన్నదానికి ఇది సవరణ. అది గొంతును ఆపుతుంది, గడియారాన్ని ఆపదు, వేలిని అసలే ఆపదు. నిర్ణయించుకునేదాకా పెట్టెను ముట్టుకోకూడదన్నది మర్యాద. పెట్టెలో మాత్రం దానికి ఏర్పాటేమీ లేదు. ప్రపంచ పోటీల్లో దీనికి మందు కనిపెట్టారు: జోడీదారులు ఒకరికొకరు కనబడకుండా బల్లకు అడ్డంగా తెర. 1975లో బెర్ముడాలో మొదటిసారి పెట్టారు. అదే పోటీలో ఇటలీ జోడీ ఒకటి బల్ల కింద కాళ్లు కదిలించిందని మందలింపు తిన్నది, తర్వాత కాళ్లకూ అడ్డం వచ్చింది. మా హాల్లో పన్నెండు బల్లలకు తెరలు కట్టిస్తే మనుషులకు చోటు మిగలదు.

మనవలకు నేర్పాలని ఇంటికి నాలుగు పెట్టెలు కొన్నాను, విచారం లేదు. నాలా చెవి మందగించినవారికి, పరాయి భాషల మధ్య ఆడేవారికి తప్పకుండా చెబుతాను. చెవులు బాగుండి, నలుగురు స్నేహితులతో ఇంట్లోనే ఆడుకునేవారికి దీని అవసరం ఎంతో నాకు తెలియదు. జోడీ వియ్యంకుడైతే సంగతి వేరు.

ఆయన తన తప్పు తానే దిద్దుకున్నారు. ఇప్పుడు తేలికైనా కష్టమైనా ప్రతి బిడ్‌కూ మనసులో అయిదు లెక్కపెట్టి గాని చేయి కదపరు. ఆఖరి రౌండ్లలో మా బల్ల ఎప్పుడూ వెనకబడి, ఆలస్యానికి డైరెక్టర్ రెండుసార్లు హెచ్చరించారు. పైగా లెక్కపెట్టేటప్పుడు ఆయన పెదవులు కదులుతాయి. మంచి ముక్కలు వస్తే మూడు దగ్గరే ఆగిపోతాయి. కిందటి బుధవారం నుంచి నేను బల్ల వైపే చూస్తున్నాను.