ఇల్లు కట్టి చూడు అన్నారు, నేను పులికి కట్టి చూశా: ప్లానెట్ జూ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నాకు బొమ్మ గీయడం రాదు. ఏ గేమ్‌లో అయినా ఇల్లు కట్టమంటే నాలుగు గోడలు నిలబెట్టి పైన ఒక మూత బోర్లించి అయిపోయింది అనుకునే బాపతు. ప్లానెట్ జూ మొదలుపెట్టింది కూడా జంతువుల కోసమే, కట్టడం మీద ఇంట్రెస్ట్‌తో కాదు. తీరా ఇప్పుడు వెనక్కి తిరిగి లెక్కేస్తే పులిని చూస్తూ కూర్చున్న టైమ్ పావు వంతు, ఒక బండరాయిని అటు తిప్పి ఇటు తిప్పి భూమిలోకి నొక్కిన టైమ్ ముప్పావు వంతు. అందుకే ఇది జంతువుల గురించిన రివ్యూ అనుకోకండి (అవి అద్భుతంగా ఉంటాయి, నడక, బొచ్చు, పిల్లలు తల్లి వెనకాల పరిగెత్తడం, అన్నీ, దాని గురించి ఇంక చెప్పను), కట్టడం అస్సలు రానివాడికి ఈ గేమ్ ఎలా ఉంటుందనేదే నా గోల.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది సొంతంగా ఒక జూ కట్టి నడిపే గేమ్, చేసింది ఫ్రాంటియర్ వాళ్ళు, పీసీలో 2019 నవంబర్‌లో వచ్చింది, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ళకి 2024 మార్చిలో వచ్చింది. అంతకుముందు 2016లో వాళ్ళే ప్లానెట్ కోస్టర్ చేశారు, రోలర్ కోస్టర్ల పార్కులు కట్టేది, గోడలూ కప్పులూ విడి ముక్కలుగా పేర్చే ఈ పద్ధతి అక్కడినుంచే వచ్చింది. కెరీర్, ఫ్రాంచైజ్, చాలెంజ్, శాండ్‌బాక్స్ అని నాలుగు మోడ్‌లు.

నేను చేసిన మొదటి తప్పు నేరుగా ఫ్రాంచైజ్‌లోకి దూకడం. అందులో జంతువుల్ని మార్కెట్లో కొనాలి, కొన్ని మామూలు డబ్బుకి వస్తాయి, మంచివాటికి కన్సర్వేషన్ క్రెడిట్లు (గేమ్‌లోనే ఇంకో రకం డబ్బు) కావాలి, కొత్తవాడి దగ్గర అవి ఎక్కడుంటాయి, పులి కోసం వెళ్ళి వార్ట్‌హాగ్‌లతో (ఆఫ్రికా అడవి పందులు) తిరిగొచ్చా. సరే వాటికే ఒక మంచి ఇల్లు కడదాం అని కూర్చుంటే నేను గోడ ఏ రంగు ఉండాలా అని తేల్చుకునేలోపు అవి పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పెద్దవై, ముసలివైపోయి, మధ్యలో డబ్బులు కూడా అయిపోయాయి. పాజ్ నొక్కి కూడా కట్టుకోవచ్చని నాకు చాలా లేట్‌గా తెలిసింది, నవ్వకండి.

తర్వాత బుద్ధిగా కెరీర్‌కి వెళ్ళా. గుడ్‌విన్ హౌస్, మేపుల్ లీఫ్ వైల్డ్‌లైఫ్ పార్క్, పాండా పార్క్, ఈ మొదటి మూడూ ఓనమాలు దిద్దించడానికే. గేట్ ఎలా పెట్టాలి, కీపర్ తిండి ఎక్కడ పెడతాడు, వెట్ ఏం చేస్తాడు, రీసెర్చ్ ఎందుకు, అన్నీ చేయి పట్టుకుని నేర్పిస్తుంది. కట్టడం దగ్గరకొచ్చేసరికి మాత్రం చేయి వదిలేస్తుంది. పైగా గుడ్‌విన్ హౌస్ అంటే పాత బంగళా, తోటలు, అప్పటికే ఎవరో కళాకారుడు ముస్తాబు చేసి పెట్టిన జూ, దాన్ని చూశాక మన ఖాళీ పచ్చిక మీద మనం పెట్టిన నాలుగు గోడలు చూస్తే ఉన్న ఉత్సాహం కూడా చల్లారిపోతుంది.

నాకు అసలు చదువు మొదలైంది శాండ్‌బాక్స్‌లో. డబ్బు గోల లేదు, జంతువుల అవసరాలు, పారిపోవడాలు, చావులు అన్నీ సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే కెరీర్‌లో ఆ మూడూ ఆడి సరాసరి ఇక్కడికే రమ్మంటా. కాకపోతే పెద్ద జూ ప్లాన్ వేసుకుని రాకండి, ఒక్క స్టాఫ్ రూమ్‌ని దాచడానికి రండి.

దాచడం ఏంటంటే, ఈ గేమ్‌లో కీపర్ హట్, స్టాఫ్ రూమ్, వర్క్‌షాప్, క్వారంటైన్ లాంటివన్నీ బోసి డబ్బాల్లా వస్తాయి, తలుపొకటి ఉంటుంది అంతే. ఇవి ఎదురుగా కనిపిస్తే సందర్శకులకి నచ్చదు, వాళ్ళ సంతోషం తగ్గుతుంది, అంటే వాటిని కప్పమని గేమే మనకి పని పురమాయిస్తోంది. కొత్తవాడికి ఇంతకన్నా మంచి హోంవర్క్ లేదని నా అభిప్రాయం. ఖాళీ స్థలం చూపించి ఏదైనా కట్టు అంటే చేతులు ఆడవు, అదే ఈ డబ్బాని కప్పు అంటే ఏదో ఒకటి తోస్తుంది, పైగా తలుపు ఎక్కడో, ఎత్తు ఎంతో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి మనం తేల్చుకోవాల్సినవి సగానికి సగం తగ్గుతాయి.

నేను కప్పిన మొదటి డబ్బా ఇంకా పెద్ద డబ్బాలా తయారైంది. గ్రిడ్ గోడలు 4 మీటర్ల ముక్కలు, టకటకా అతుక్కుంటాయి, పైన కప్పు పెట్టేశా, దూరం నుంచి చూస్తే చెప్పుల అట్టపెట్టె. రంగు మార్చా, ఇప్పుడు ఎర్ర అట్టపెట్టె. కిటికీ పెట్టా, కిటికీ ఉన్న అట్టపెట్టె. రెండు సాయంత్రాలు ఇదే పని. అప్పుడు తట్టింది, దానికి నీడ పడట్లేదు. గోడ అంతా ఒకే చదునులో ఉంటే ఎంత రంగేసినా అంతే. మూలల్లో స్తంభాలు కాస్త బయటికి వచ్చేలా నిలబెట్టి, చూరు గోడ దాటి ముందుకి లాగి, కింద ఒక రాతి వరస అరుగులా పరిచి, కిటికీ చుట్టూ చెక్కలతో ఫ్రేమ్ కట్టా, అంతే, అదే గోడ, అదే రంగు, ఇల్లయి కూర్చుంది. ఎంత సంబరపడ్డానంటే మా ఇంట్లో వాళ్ళని పిలిచి చూపించా, వాళ్ళు పులి ఎక్కడుంది అని అడిగారు.

ఇక్కడే అసలు కిటుకు ఒకటి ఉంది. మెనూలో ఉన్న ముక్కల పేర్లు నమ్మకండి. కంచె అని రాసున్న ముక్క కంచె కానక్కర్లేదు, దాన్ని పడుకోబెట్టి కప్పు కిందకి తోస్తే వాసాలు. పైకప్పు ముక్కని నిలబెడితే గోడకి చెక్క పలకలు. సైన్‌బోర్డు పలక వెనక్కి తిప్పితే బల్ల. పేరు చూసి వెతికినన్నాళ్ళూ నాకు ఏదీ దొరకలేదు, ఆకారం చూసి వెతకడం మొదలుపెట్టాక అన్నీ ఎక్కువే అనిపించాయి. దీనికి పీసీలో ఎక్స్ బటన్ నేర్చుకోవాలి. మామూలుగా జెడ్ పట్టుకుని మౌస్ తిప్పితే ముక్క ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, షిఫ్ట్ పట్టుకుంటే పైకీ కిందకీ వెళ్తుంది, అంతే. ఎక్స్ నొక్కితే అడ్వాన్స్‌డ్ మూవ్ వస్తుంది, అప్పుడు ఎటైనా వంచొచ్చు, వేరే ముక్కలోకి దూర్చొచ్చు, భూమిలో పాతొచ్చు. ఈ ఒక్క బటన్ తెలియకముందు నేను ఆడింది వేరే గేమ్ అంటే నమ్మండి.

రాళ్ళ సంగతీ అంతే. కొత్తవాడు పెట్టిన రాయి ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, గడ్డి మీద ఎవరో మర్చిపోయిన సూట్‌కేసులా కూర్చుని ఉంటుంది. నిజం బండ భూమిలోంచి పైకి వచ్చినట్టుంటుంది కదా, అందుకని సగానికి పైగా పాతేయాలి. ఒకే రకం రాయిని నాలుగు వైపులా తిప్పి వాడితే నాలుగు రకాల్లా కనిపిస్తుంది, అదే పది రకాలు తెచ్చి పెడితే కప్పల తక్కెడ. తర్వాత రాయి మొదట్లో గడ్డి తుడిచేసి మట్టి రంగు పూయాలి, రెండు చిన్న మొక్కలు ఆనించాలి. చెట్లకి సైజు మార్చే ఆప్షన్ ఇందులో లేదు, అందుకని ఒకటి మామూలుగా పెట్టి, పక్కది కాస్త లోతుగా పాతి, ఇంకోటి తిప్పితే మూడు వయసుల చెట్లలా ఉంటాయి. ఈ పాతిపెట్టే విద్య వచ్చాక నా జూ సగం భూమిలోనే ఉంది.

మొక్కల దగ్గర గేమ్ పెట్టే రూల్ మొదట విసుగనిపించింది కానీ తర్వాత అదే కాపాడింది. ప్రతి జంతువుకీ దాని ఖండం, దాని వాతావరణం మొక్కలే కావాలి, బెంగాల్ పులి దగ్గర ఆఫ్రికా చెట్టు పెడితే దాని వెల్ఫేర్ (జంతువు ఎంత బాగుందో చూపించే లెక్క) పడిపోతుంది, మొక్కలు మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా ఒప్పుకోదు, నేల మీద గడ్డి ఎంత, మట్టి ఎంత, రాయి ఎంత అని లెక్క కూడా ఉంటుంది. గేమ్‌లోనే ఉండే జంతువుల సమాచార పుస్తకం జూపీడియాలో అన్నీ ఉంటాయి, మెనూలో ఫిల్టర్ పెట్టుకుంటే వందల మొక్కలు కాస్తా చేతికి చిక్కేటన్ని అవుతాయి. ఏది పడితే అది నాటనివ్వదు కాబట్టి మనకి తెలియకుండానే ఆ చోటు ఒక అడవిలా కుదురుకుంటుంది.

మర్చిపోయా, కెమెరా. పై నుంచి చూస్తూ కట్టడం అందరూ చేసేదే, నేనూ చేశా, పై నుంచి నా పులి చోటు మ్యాప్‌లో గీసినంత అందంగా ఉండేది. ఒకరోజు ఊరికే ఒక సందర్శకుడి మీద క్లిక్ చేసి వాడి కళ్ళతో చూస్తే కనిపించింది ఏంటి, కంచె, కంచె వెనకాల పొద, పొద వెనకాల ఇంకో పొద. పాపం అంత దూరం నడిచొచ్చి పొద చూసి వెళ్తున్నాడు. అప్పటినుంచి ముందు మనిషి ఎక్కడ నిలబడతాడో అది కట్టి, వాడి కంటి ఎత్తులోకి కెమెరా దించి, అక్కడినుంచి లోపలికి కడుతున్నా. వన్ వే గ్లాస్ వాడితే జంతువుకి జనం కనిపించరు, బిడియపడే జాతులకి స్ట్రెస్ తగ్గుతుంది, మనిషి మాత్రం దగ్గరినుంచి చూస్తాడు.

ఇంక వర్క్‌షాప్ (ఇందాకటి డబ్బా కాదు, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆటగాళ్ళు తాము చేసినవి పంచుకునే చోటు). స్టీమ్ వర్క్‌షాప్‌లో ఆటగాళ్ళు కట్టినవి లెక్కలేనన్ని ఉంటాయి, సబ్‌స్క్రైబ్ కొడితే మన గేమ్‌లోకి బ్లూప్రింట్‌లా, అంటే రెడీమేడ్ కట్టడంలా వస్తాయి. వాటిని తెచ్చి అలాగే పెట్టేసుకోవడం తప్పని అనను, మీ ఇష్టం, కానీ నాకు లాభం వచ్చింది వాటిని విప్పి చూసినప్పుడు. ఒక రాతి వంతెన తెచ్చుకుని ఎడిట్‌లోకి వెళ్ళి ఒక్కో ముక్కా పక్కకి లాగి పెట్టా, ఇంజన్ విప్పిన మెకానిక్‌లా. రాతి స్తంభం అనుకున్నది నాలుగు గోడ ముక్కలు వీపులు ఆనించుకుని నిలబడ్డవి. ఏ వీడియో చూసినా అంత తొందరగా ఎక్కలేదు నాకు. ఒక్క జాగ్రత్త, ఆ బ్లూప్రింట్‌లో మన దగ్గర లేని ప్యాక్ (విడిగా కొనుక్కునే అదనపు కంటెంట్) ముక్కలుంటే పెట్టనివ్వదు. ప్యాక్‌లు చాలా వచ్చాయి, ఒక్కోదాంట్లో కొన్ని జంతువులు, ఎక్కువ వాటిలో ఆ థీమ్ ముక్కలు కూడా, మొదట్లోనే ఎగబడి కొనక్కర్లేదు, బేస్ గేమ్‌లో క్లాసిక్, ఇండియా, ఆఫ్రికా థీమ్‌ల ముక్కలే కొత్తవాడికి నెలల తరబడి సరిపోతాయి.

నచ్చనివి చెప్పాలంటే దారులు. వంపు తిరిగిన దారి వెడల్పు మార్చినా, రెండు దారుల్ని కొంచెం కోణంలో కలపాలన్నా, వాలు మీద దింపాలన్నా అడ్డం ఉంది అంటుంది, ఏం అడ్డమో మనమే వెతుక్కోవాలి. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, ముందు దారులు వేసుకుని తర్వాత కట్టడం, ఉల్టా చేస్తే ఏడుపే. చెరువు కూడా అంతే, గట్టు ఒక్కచోట తక్కువున్నా నీళ్ళు నిండవు. జూ పెద్దదై జనం పెరిగేకొద్దీ గేమ్ ప్రాసెసర్‌ని పీల్చేస్తుంది, ప్రతి మనిషీ ప్రతి జంతువూ ఎటు నడవాలో లెక్క వేయాలి కదా, కాబట్టి పాత మెషీన్ ఉన్నవాళ్ళు చిన్న జూలే కట్టుకోండి.

ఇప్పుడు పులి. మొన్నటిదాకా నేర్చుకున్నదంతా పెట్టి బెంగాల్ పులికి ఇల్లు కట్టా. కంచె కనిపించకూడదని నల్ బ్యారియర్ వాడా, అంటే గీత ఉంటుంది గోడ ఉండదు, ఆపాల్సింది మనం పెట్టే బండలూ గట్లే. ఈసారి పారిపోవడాలు ఆన్‌లోనే ఉంచా, ధైర్యం ఎక్కువై. అరగంటలో అలర్ట్, జనం చేతులు పైకెత్తి పరుగో పరుగు, పులి స్టాఫ్ రూమ్ వైపు నింపాదిగా నడుస్తోంది. నేను అందం కోసం మెట్లు మెట్లుగా పేర్చిన బండల మీదుగానే ఎక్కి వచ్చేసింది. జంతువు ఎక్కడెక్కడ తిరగగలదో రంగుతో చూపించే మ్యాప్ ఒకటి ఉంది, అది ముందే చూసుకుని ఉంటే ఆ రంగు బయటికి కారిపోవడం కనిపించేది. రెండు బండలు తీసేసి గట్టు నిటారుగా కోశా, సెట్ అయింది.

ఆ ఇంట్లో ఒక గుహ ఉంది, మూడు రోజులు పట్టింది, లోపల పైకప్పు నుంచి వేర్లు వేలాడుతున్నట్టు కూడా చేశా. పులి వెళ్ళి కీపర్ గేట్ పక్కన, నేను ఇంకా ఏమీ పెట్టని బోసి మట్టి మీద పడుకుంటోంది. గుహని అక్కడికి జరపాలంటే ముక్కలన్నీ ఒకే కట్టగా గ్రూప్ చేసుండాల్సింది, చేయలేదు, ఈ వీకెండ్ అదే పని.