499 రూపాయల హైదరాబాద్ దర్శనం: శుక్రవారం బస్సెక్కి మేము నష్టపోయిన వైనం

హైదరాబాద్‌ను ఒక్క రోజులో, తక్కువ ఖర్చుతో చుట్టి రావాలనుకునేవారు, ముఖ్యంగా మాలాగా పిల్లల్నీ పెద్దవాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లేవారు, అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి. ఆ ట్రావెల్స్ పేరు నేను రాయడం లేదు. పేరు రాస్తే వారం తిరగకుండా బోర్డు మార్చేస్తారు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద ఉన్నా మీరు పోల్చుకోగలరు.

మాది విజయవాడ. నేను, నా భార్య, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి, మా అమ్మ. డెబ్బై దాటిన మా అమ్మకు హైదరాబాద్‌లో చూడాలని ఉన్నది ఒక్కటే: సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం. పెళ్లయిన కొత్తలో నాన్న ఏదో పని మీద వెళ్లి చూసి వచ్చి, గడియారంలోంచి గడ్డపాయన బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడని చెప్పారట. నాన్న పోయాక ఆ మాట ఇంకా ఎక్కువగా తలుచుకుంటోంది.

ఫోనులో ప్రకటన కనిపించింది. మనిషికి 499 రూపాయలు, ఏసీ బస్సు, గైడు, ఎనిమిది ప్రదేశాలు. చార్మినార్, సాలార్‌జంగ్, చౌమహల్లా, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, ఇంకా ఏవో రెండు. ఫోను చేసి శుక్రవారానికి ఐదు సీట్లు అడిగాను. అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పిల్లలకు సగం టికెట్టు ఉండదన్నాడు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు పంపమన్నాడు. పంపాక చూస్తే డబ్బు వెళ్లింది సంస్థ ఖాతాకు కాదు, ఎవరో వ్యక్తి పేరుకు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

అసలు విషయం ఇక్కడ చెప్పాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. ఇది రహస్యమేమీ కాదు, ఊళ్లో ఏ ఆటో డ్రైవరును అడిగినా చెబుతాడు. రోజూ బస్సు తిప్పే సంస్థకు తెలియకపోవడం అనేది ఉండదు. తెలిసే ఆ రెండు పేర్లూ జాబితాలో ఉంచి నాకు శుక్రవారం సీట్లు అమ్మారు. కనుక్కోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ దుకాణంలో లేని సరుకుకు డబ్బు తీసుకోవడాన్ని ఏమనాలి?

లక్డీకాపూల్ దగ్గర ఏడున్నరకు నిలబడమన్నారు. బస్సు వచ్చి, ఇంకో మూడు చోట్ల జనాన్ని ఎక్కించుకుని, కదిలేసరికి తొమ్మిదింబావు. ఇరవై ఆరు సీట్ల మినీ బస్సు. ఏసీ వేయమంటే ‘దానికి సీటుకు వంద’ అన్నాడు గైడు. ప్రకటనలో ఏసీ అని ఉంది కదా అని ఫోను తీసి చూపించాను. ‘ఏసీ బస్సు అని ఉంది సార్, ఏసీ వేస్తామని లేదు’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ చెమటలు తుడుచుకుంటుంటే ఐదు వందలు కట్టాను.

ఇంటికి వచ్చాక ఫోనులో ఫొటోలు తీసిన సమయాలు వరసగా చూసుకుంటే రోజంతా ఎక్కడ పోయిందో తెలిసింది. ట్యాంక్‌బండ్ మీద పదిహేను నిమిషాలు. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుణ్ణి గట్టు మీద నుంచే చూడమన్నారు. ఆ తర్వాత ముత్యాల దుకాణంలో గంటా పది నిమిషాలు. బిర్లా మందిర్ చేరేసరికి పన్నెండు దాటింది, మధ్యాహ్నం గుడి మూసే వేళ. మెట్ల దగ్గర నుంచే దణ్ణం పెట్టుకుని బస్సెక్కాం. గైడుకు ఆ వేళలు తెలియవంటే నేను నమ్మను. చార్మినార్ దగ్గర ఇరవై ఐదు నిమిషాలు. శుక్రవారం నమాజు రద్దీ అని బస్సు ఎక్కడో దూరాన ఆపాడు. వెళ్లిరావడానికే ఆ సమయం చాలింది. లాడ్‌బజార్‌లో లక్క గాజులు వేసుకుని చూసుకుంటానన్న మా అమ్మాయి వెనక్కి చూస్తూనే వచ్చింది. చీరల దుకాణంలో మళ్లీ యాభై నిమిషాలు. ఐదున్నరకు మూసే గోల్కొండకు ఐదుకు పది నిమిషాల ముందు తీసుకెళ్లారు.

ముత్యాల దుకాణం సంగతి కాస్త వివరంగా చెబుతాను. దిగకముందే గైడు ఫోనులో ఎవరితోనో ‘ఫ్యామిలీలు ఎక్కువ’ అంటున్నాడు. లోపల అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒకతను ముత్యాన్ని లైటరు మంట మీద పెట్టి, తుడిచి, నల్లబడలేదు చూడండన్నాడు. తర్వాత బ్లేడుతో గీకాడు, తెల్లటి పొడి రాలింది. అసలుదని రుజువైపోయింది! కానీ అతను కాల్చింది తన చేతిలోని ముత్యాన్ని, మనకు అమ్మేది అద్దాల పెట్టెలోని దండను. పైగా హైదరాబాద్‌లో అమ్మే ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. అవి నకిలీ కావు, కానీ ‘నిజాం కాలం నాటి నాణ్యత’ అనే మాటకు మాత్రం ధర కట్టకండి. నా భార్య మొహమాటపడి 1,800 పెట్టి చెవి దిద్దులు తీసుకుంది. బిల్లు చేతికిచ్చేటప్పుడు కౌంటర్లోని కుర్రాడు దాని పైమూల పెన్నుతో నాలుగు అంకెలు వేశాడు. ఏమిటవి అంటే ‘మా లెక్క సార్’ అన్నాడు. బయటికి వచ్చి చూస్తే అవి మా బస్సు నంబరులో చివరి నాలుగు అంకెలు.

499కి ఎనిమిది ప్రదేశాలు ఎలా గిట్టుబాటవుతాయో అప్పుడు అర్థమైంది. ఆ బస్సుకు డీజిలు పోసేది మన టికెట్లు కావు, దుకాణాల కమిషన్లు. అందుకే దుకాణంలో అరగంట ఎక్కువైనా గైడుకు తొందర ఉండదు, కోటలో పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం విజిల్ ఊదుతాడు.

సాలార్‌జంగ్ గేటు ముందు బస్సు ఆపి, ‘ఇదే మ్యూజియం, ఈరోజు సెలవు, బయట ఫొటో తీసుకోండి’ అన్నాడు. అమ్మ కిటికీలోంచి ఆ తాళం వైపు చూసి, ‘పోనీలేరా, భవనమైనా చూశాం’ అంది. ఆ మాటతో నా కోపం రెట్టింపైంది. గొడవపడితే రసీదు వెనక చూడమన్నాడు. చీమతలంత అక్షరాల్లో ‘ప్రదేశాలను మార్చే హక్కు యాజమాన్యానిదే’ అని ఉంది.

గోల్కొండలో ఇంకొక విడ్డూరం. టికెట్లు తనే తెస్తానని మనిషికి యాభై చొప్పున మా ఐదుగురి దగ్గర 250 వసూలు చేశాడు. లోపలికి వెళ్లాక మా అబ్బాయి బోర్డు చదివి వచ్చి చెప్పాడు: భారతీయులకు 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. అంటే మాకు కావలసింది 75. చార్మినార్ కూడా పురావస్తు శాఖదే, అక్కడా ఇవే ధరలు. టికెట్లు మీరే వరసలో నిలబడి కొనుక్కోండి. బాలాహిస్సార్ దర్వాజా కింద చప్పట్లు కొట్టి, ఆ శబ్దం కొండ పైదాకా వినిపిస్తుందని నమ్మి, రామదాసు బందిఖానా చూడకుండానే వెనక్కి వచ్చేశాం. పైకి వెళ్లడానికి సుమారు 360 మెట్లున్నాయి, ముప్పై ఐదు నిమిషాల్లో అమ్మతో అయ్యే పని కాదు.

టికెట్లు 2,495, ఏసీ 500, కోట పేరుతో 250, ‘మా హోటల్’ అంటూ ఆపిన చోట నాలుగు భోజనాలు 960, దిగేటప్పుడు గైడు పట్టుబట్టి తీసుకున్న 250. మొత్తం 4,455. దిద్దులు ఇందులో కలపలేదు.

తిరిగి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేశాను. రసీదు, ప్రకటన ఫొటో, డబ్బు పంపిన వివరం అడిగారు. మూడూ దాచి ఉంచడం మంచిదైంది, ఫిర్యాదు నమోదైంది. తర్వాత ట్రావెల్స్ వాళ్లే ఫోను చేసి ఏసీ డబ్బు ఐదు వందలు తిరిగి ఇస్తామన్నారు. ఇంతవరకూ రాలేదు.

అన్ని టూరు బస్సులూ ఇంతేనని నేను అనను. ఎక్కాలనుకుంటే మాత్రం డబ్బు కట్టే ముందు ఒక్కొక్క చోట లోపల ఎంతసేపు ఉంచుతారో, దారిలో ఎన్ని దుకాణాల దగ్గర ఆపుతారో రాతపూర్వకంగా అడగండి. సమాధానం బదులు ‘మీరు రండి సార్, చూసుకుందాం’ అని వస్తే ఆ ఫోను పెట్టేయండి. వారం కూడా చూసుకోండి. సోమవారమైతే జూపార్కు మూత.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మళ్లీ వెళ్లాం, ఈసారి ఏ టూరూ లేకుండా. రాత్రి బస్సులో వెళ్లి పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగితే మ్యూజియం, చార్మినార్ రెండూ దగ్గరే. మూడే ప్రదేశాలు పెట్టుకున్నాం: పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం చార్మినార్, మూడు గంటలకు గోల్కొండ. తిరిగిందంతా సిటీ బస్సుల్లో, అమ్మ కోసం ఒక్క ఆటో. మహిళలకు ఉచితమని మా ఆవిడ ధీమాగా ఆధార్ తీసింది. అది తెలంగాణ వాళ్లకేనమ్మా అని కండక్టరు నవ్వుతూ టికెట్టు కొట్టింది. ఊళ్లో తిరిగిన ఖర్చు, టికెట్లు, భోజనాలు అన్నీ కలిపి 1,600 దాటలేదు. గాజులకు వేరే అయింది, దాని లెక్క నన్ను అడగవద్దు.

పదకొండున్నరకే అమ్మను గడియారం ముందు కూర్చోబెట్టాను. సెకనుకొక దెబ్బ వేస్తూ ఒక కమ్మరి బొమ్మ సుత్తితో కొడుతూనే ఉంటుంది, పిల్లలు దాన్నే చూస్తున్నారు. పన్నెండుకు కాస్త ముందు తలుపు తెరుచుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘గడ్డం ఉందిరా, మీ నాన్న చెప్పినట్టే’ అంది. పన్నెండు గంటలూ వేళ్ల మీద లెక్కపెట్టింది. మీరు వెళ్తే పావుగంట ముందే వెళ్లండి, పన్నెండింటికి అక్కడ కూర్చోవడానికి చోటు దొరకదు.