షేవింగ్ సబ్బు నురగ: గిన్నెలోనా, గడ్డం మీదేనా?

డబ్బా ఫోమ్‌కి అలవాటుపడి, తొలిసారి షేవింగ్ సబ్బు కొన్నవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడతారు. తడి బ్రష్‌ను సబ్బు మీద నాలుగు తిప్పులు తిప్పి ముఖానికి రాసేస్తారు. తెల్లగా నురగ కనిపిస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఒక చెంప గీసేలోపు రెండో చెంప మీది నురగ చిటపటమని ఆరిపోతుంది, బ్లేడు పీకుతుంది, నింద సబ్బు మీద పడుతుంది. నూటికి తొంభైసార్లు తప్పు సబ్బుది కాదు. బ్రష్‌కి ఎక్కాల్సినంత సబ్బు ఎక్కలేదు, అంతే.

గిన్నెలో చేసినా గడ్డం మీద చేసినా మొదటి అడుగు ఇదే. తడిపిన బ్రష్‌ను రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, సబ్బు మీద 25 నుంచి 30 సెకన్లు గుండ్రంగా తిప్పండి. మొదట పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. అవి చూసి ఆగిపోకూడదు. పది పదిహేను సెకన్లకు బుడగలు సన్నబడి, ఆ తర్వాత మాయమై, బ్రష్ కొనలకు టూత్‌పేస్ట్‌లాంటి చిక్కటి ముద్ద పట్టుకుంటుంది. అప్పుడు ఆపాలి. సబ్బు కాస్త ఎక్కువైతే నీళ్లతో సర్దుకోవచ్చు. తక్కువైతే మళ్లీ సబ్బు దగ్గరికే రావాలి.

గిన్నెలో

కొత్తవాళ్లకు గిన్నెదే పైచేయి. కారణం ఒక్కటే: ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. నాలుగైదు అంగుళాల వెడల్పున్న గిన్నె ఏదైనా చాలు. లోపల గరుకుగా, గీతలుగా ఉంటే ఇంకా మంచిది. నున్నటి స్టీలు గిన్నెలో బ్రష్ జారిపోయి ఆలస్యమవుతుంది, కానీ నురగ రాకుండా మాత్రం పోదు.

నీళ్ల విషయంలో గారెల పిండి రుబ్బడం గుర్తు తెచ్చుకోండి. ఒకేసారి పోస్తే పిండి జారు, చిలకరించుకుంటూ పోతే మెత్తన. ఇక్కడా అంతే. అర టీస్పూను నీళ్లు వేసి పదిహేను ఇరవై సెకన్లు తిప్పాలి, మళ్లీ అర టీస్పూను. సబ్బునుబట్టి, బ్రష్‌లో ముందే ఉన్న తడినిబట్టి మూడు నాలుగు విడతలు పడుతుంది. రెండో విడతకే నురగ గుట్టగా లేచి కొనలు నిటారుగా నిలబడతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ అది ఎండు నురగ. రేజర్‌కి ముద్దలుగా అంటుకుంటుంది, చర్మం మీద జారదు. ఇంకో రెండు విడతలు నీళ్లు పడితే గుట్ట కాస్త తగ్గి, పైన మెరుపు వస్తుంది. బ్రష్ పైకి లాగితే కొన లేచి మెల్లగా వంగుతుంది, గిలక్కొట్టిన చిక్కటి పెరుగులా. కావాల్సింది అది. బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్ది చూడండి. వేళ్లు ఆగకుండా జారుతుంటే సరిపోయింది. కిర్రుమని పట్టేస్తే నీళ్లు చాలలేదు. నీళ్లగా కారిపోయి బుడగలు లేస్తుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. అప్పుడు పారబోయక్కర్లేదు, బ్రష్‌ను పిండి మళ్లీ సబ్బు మీద పది సెకన్లు తిప్పి వచ్చి కలపండి.

గిన్నె లోపం ఏంటంటే, నురగ చల్లారుతుంది, కొంత గిన్నెకే అంటుకుపోతుంది. గిన్నెలో వేడినీళ్లు పోసి ఉంచి, వాడేముందు పారబోస్తే మొదటి ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

గడ్డం మీద

సబ్బు ఎక్కించిన బ్రష్‌ను నేరుగా తడి గడ్డం మీద తిప్పడం. బ్రష్ వెంట్రుకల మధ్యకు చొచ్చుకుపోయి వాటిని లేపుతుంది, రెండు మూడు నిమిషాల రుద్దుడులో గడ్డం బాగా నానుతుంది. నానిన గడ్డం తెగడం తేలిక కాబట్టి, చేయి కుదిరినవాళ్లకు ఫలితం గిన్నెకంటే ఒక మెట్టు పైనే. నీళ్లు కావాలంటే బ్రష్ కొనను మాత్రమే నీళ్లలో ముంచి మళ్లీ తిప్పాలి.

చిక్కు ఎక్కడంటే, నురగ ఎండుగా ఉందో సరిగా ఉందో అద్దంలో తేడా తెలియదు, బ్రష్ పట్టేస్తోందా జారుతోందా అన్నది చేతికే తెలియాలి. ఆ స్పర్శ గిన్నెలోనే నేర్చుకోవాలి. మొటిమలున్నా, చర్మం త్వరగా ఎర్రబడేదైనా అంతసేపు రుద్దడం మంచిది కాదు. మొదటి పది పదిహేను షేవింగ్‌లు గిన్నెలో చేసి, చివరి ముప్పై సెకన్లు మాత్రం ముఖం మీద తిప్పడం అన్నిటికన్నా మేలైన దారి.

బిళ్ల, స్టిక్, క్రీము

స్నానం సబ్బుతో పని జరగదు. అది ప్రధానంగా సోడియం సబ్బు. బుడగలు త్వరగా వస్తాయి, అంతే త్వరగా పోతాయి. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో, తరచు కొంత సోడియం హైడ్రాక్సైడ్ కూడా కలిపి సబ్బుగా మారుస్తారు. పొటాషియం సబ్బు నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది. నురగ సన్నగా, నిలకడగా ఉండేది అందుకే.

క్రీము అందరికన్నా సులువు. శనగగింజకు రెండింతలంత తీసుకుంటే చాలు, ఎక్కించే తిప్పలు లేవు. బిళ్ల ఎక్కువకాలం వస్తుంది, జారుడు బాగుంటుంది, ఓపిక కావాలి. స్టిక్‌ను మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. టర్కీ బ్రాండ్ ఆర్కో లాంటి స్టిక్‌ను తడి గడ్డం మీద ఎదురు దిశలో ఒకటి రెండుసార్లు రుద్దితే గడ్డం వెంట్రుకలే సబ్బును గీకేసుకుంటాయి, ఎంత పడిందో తెల్లగా కనిపిస్తుంది. సబ్బే వాడాలనుకునే కొత్తవాళ్లు, ముఖం మీద చేయాలనుకుంటే బిళ్లకన్నా స్టిక్‌తో మొదలుపెట్టడం నయం.

బ్రష్ సంగతి క్లుప్తంగా: సింథటిక్ కొనండి. నానబెట్టే పని లేదు, త్వరగా ఆరుతుంది. పంది వెంట్రుకల బ్రష్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు నానబెట్టాలి, మెత్తబడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోగా నురగను తనే మింగేస్తుంది.

బోరు నీళ్లా, క్యాను నీళ్లా?

మన ఊళ్లలో సగం గొడవ ఇక్కడే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగ కావాల్సిన సబ్బును తెల్లటి జిగురు తెట్టుగా మార్చేస్తాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో ఈ ఖనిజాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే దారి లేనప్పుడు 600 వరకు సరే. ఆ పై అంచు నీళ్లు తాగడానికి అనుమతి ఉన్నవే అయినా సబ్బుకు శత్రువులే.

అనుమానముంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు చిన్న సీసాలు తీసుకుని, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో ఆర్‌ఓ (క్యాను) నీళ్లు సగానికి పోయండి. రెండిట్లో పెసరగింజంత సబ్బు తురుము వేసి అర నిమిషం ఊపండి. ఆర్‌ఓ సీసాలో నురగ నిలబడి, కుళాయి సీసాలో నీళ్లు పాలలా విరిగి పైన తెట్టు తేలితే, ఏ కంపెనీ సబ్బు మార్చినా లాభం లేదు. కాచిన నీళ్లు కూడా కొంతవరకే పనికొస్తాయి. మరిగిస్తే బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం పోతుంది, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది అలాగే ఉంటుంది.

నురగకు పట్టేది మహా అయితే ఒక చిన్న టీగ్లాసు నీళ్లు. బ్రష్ తడపడానికీ గిన్నెకూ ఆర్‌ఓ నీళ్లు వేడి చేసి వాడండి, ముఖం కడగడానికి బోరు నీళ్లే చాలు. కొన్నాళ్లుగా బోరు నీళ్లలోనే తిప్పిన బ్రష్ వెంట్రుకల మొదళ్లలో తెట్టు పట్టి ఉంటుంది. పది వంతుల నీళ్లకు ఒక వంతు తెల్ల వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ముంచి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్కతో కడిగి ఆరబెట్టాక మొదలుపెట్టండి.