క్యాంపస్ వార్తలు: ఎఫ్ఎంలోనా, పాడ్‌కాస్ట్‌లోనా?

విశ్వవిద్యాలయంలో విద్యార్థులు రేడియో వార్తలు మొదలుపెట్టాలంటే మైకు కన్నా ముందు చూసుకోవాల్సింది నిబంధనలు. మన దేశంలో క్యాంపస్ ఎఫ్ఎంలు నడిచే కమ్యూనిటీ రేడియో లైసెన్సు కింద సొంత వార్తలు చదివే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు గానీ, స్థానిక భాషలోకి అనువదించి గానీ మళ్లీ ప్రసారం చేయొచ్చు, అంతే. 2004లో చెన్నైలో మొదలైన అన్నా విశ్వవిద్యాలయపు అన్నా ఎఫ్ఎంకైనా, హైదరాబాద్ విశ్వవిద్యాలయపు బోల్ హైదరాబాద్‌కైనా ఇదే గీత.

గీతకు ఇవతల చోటు మాత్రం తక్కువేమీ కాదు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, కరెంటు, నీళ్లు, తుపాను హెచ్చరికలు వార్తల లెక్కలోకి రావు. హాస్టల్ విద్యార్థికి రోజూ కావాల్సింది చాలావరకు ఇదే! పైగా డేటా ఖర్చు లేకుండా గేటు దగ్గర వాచ్‌మన్ కూడా వింటాడు.

ఫీజుల పెంపు మీదో, విద్యార్థి సంఘం ఎన్నికల మీదో మాట్లాడాలంటే పాడ్‌కాస్టే దారి. ప్రసార లైసెన్సు అక్కర్లేదు, ఫోనూ ఓ నిశ్శబ్దమైన గదీ చాలు. పరువునష్టం చట్టం ఇక్కడా వర్తిస్తుందని మరవకూడదు. పాడ్‌కాస్ట్‌లో లేనిది ప్రత్యక్ష ప్రసారపు వేడి. 2024 ఏప్రిల్ 30 రాత్రి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలోకి పోలీసులు వచ్చినప్పుడు, అక్కడి విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూకేసీఆర్ 89.9 ఎఫ్ఎంలో జరుగుతున్నది జరుగుతున్నట్టే చెప్పింది. అలాంటి రాత్రి మన క్యాంపస్ ఎఫ్ఎం పాటలు వేసుకోవాల్సిందే.

అందుకే నా ఓటు వార్తలకు పాడ్‌కాస్ట్‌కే. సెమిస్టర్ సెలవుల్లో జట్టంతా ఊళ్లకు పోయినా దానికి ఇబ్బంది లేదు. ఎఫ్ఎంకైతే రోజూ గంటలు నింపే మనిషి కావాలి.