కూకట్‌పల్లా, కైకలూరా?

ఆరేళ్లు కూకట్‌పల్లిలో ఉండి కొల్లేటి పక్కన కైకలూరుకి వచ్చేసాం, మీరూ ఆలోచిస్తుంటే ఇది చూడండి.

అద్దె: అక్కడ డబుల్ బెడ్‌రూమ్‌కి 22 వేలు కట్టాం, ఇక్కడ 7 వేలకే పెరడున్న ఇల్లు.

నీళ్లు: అక్కడ వేసవొస్తే ట్యాంకర్, ఇక్కడ బోరు ఉప్పన, తాగడానికి టిన్ను కొనాల్సిందే.

హాస్పిటల్: అక్కడ పది నిమిషాలు. ఇక్కడ పెద్ద జబ్బంటే ఏలూరో భీమవరమో పరిగెత్తాలి, అమ్మకి అర్ధరాత్రి ఆయాసమొస్తే దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాం.

రిస్క్: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఆ నీళ్లు కొల్లేటికి చేరాయి, లంక ఊళ్లు మునిగాయి, అందుకే ఇల్లు మెరకలోనే చూసుకోండి.

మనశ్శాంతి మాత్రం ఇక్కడే, ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతు ముక్కుకింద సంచి ఊపుకుంటూ పిల్లకి చేప పెడుతుంటే మా పాప కదలదు.

వర్క్ ఫ్రమ్ హోమ్ పక్కా అయితే కైకలూరు వచ్చేయండి. ఇంట్లో గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే కూకట్‌పల్లే.