కరిగిపోయే స్క్రూ మంచిదే, కానీ ఆ నాలుగో నెల...

నా కుడి మణికట్టులో టైటానియం స్క్రూలు 2015లో వేశారు, ఎడమ దాంట్లో కరిగిపోయేవి 2018లో. కీళ్లవాతానికి అరిగిపోయిన ఎముకల్లో కొన్నింటిని రెండు చేతుల్లోనూ కలిపి అతికించారు. చెయ్యి కొంచెమే వంగుతుంది, నొప్పి మాత్రం పోయింది. ఆపరేషన్ మీద నాకేం ఫిర్యాదు లేదు. నా కోపమంతా ఆ టైటానియం స్క్రూ తల మీదే.

ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి మింగి నా చర్మం ఉల్లిపొరలా అయింది. దాని కింద స్క్రూ తల బఠాణీ గింజలా తేలింది, గాజు తగిలితే ప్రాణం పోయేది. శ్రావణమాసం పేరంటానికి ఎడమ చేతికే గాజులేసుకుని వెళ్తే "ఏందమ్మా, ఆ చేతికేమైంది" అని అందరూ అడిగేవాళ్లే. అదీ ఓర్చుకున్నా గానీ, వేళ్లెత్తినప్పుడల్లా లోపల ఏదో గీరుకున్నట్టుండేది. వేళ్లను పైకి లాగే టెండన్ దాని మీద రాసుకుంటోందని, తెగితే వేలు లేవదని, ఎముక ఎటూ అతుక్కుంది కాబట్టి తీసేద్దామని డాక్టరు అన్నారు. మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, మళ్లీ కావలి నుంచి నెల్లూరు బస్సు.

అందుకే రెండో చేతికి కరిగేవే కావాలన్నా. డబ్బు ఎక్కువైంది, కట్టు కూడా ఎక్కువ వారాలు ఉంచారు. ఇవి ఎక్స్‌రేలో కనబడవు, ఎముకలో స్క్రూ దూర్చిన గాడి మాత్రం కనిపిస్తుంది. ఎక్స్‌రే తీసే అబ్బాయి "స్క్రూ ఏదమ్మా, అసలు వేశారా?" అంటే మా ఆయన గబుక్కున జేబులోంచి బిల్లు తీశాడు.

నాలుగో నెలలో ఆ చెయ్యి ఎర్రగా వాచి, నొక్కితే నీటి బుడగలా కదిలింది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేదాన్ని, అది ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది, అందుకే చీము పట్టిందేమోనని రాత్రంతా టెన్షన్. తెల్లారి ఆస్పత్రిలో సూదితో లాగితే పల్చటి నీరు వచ్చింది, కల్చర్‌లో క్రిములేమీ లేవు. స్క్రూ కరిగేటప్పుడు కొందరికి ఇట్టా వస్తుందట. నాది పాలీగ్లైకాలిక్ రకం, అది తొందరగా కరుగుతుంది కాబట్టి ఈ వాపులు దాంతో ఎక్కువ. పాలీలాక్టిక్ అయితే కరగడానికి ఏళ్లు పడుతుంది. రెండుసార్లు నీరు తీశాక తగ్గింది. ఈ ముక్క ముందే ఒక్కరన్నా చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్రైనా పోయేదాన్ని.

"వేయించుకుని మర్చిపోవచ్చు" అని మా వదినతో గొప్పగా చెప్పా, ఆమెకీ ఇదే జబ్బు. ఈ నాలుగో నెల సంగతి మొన్ననే చెప్పా. నాకైతే ఇంకోసారి అవసరం పడితే కరిగేదే అడుగుతా, కాకపోతే ఏ రకమో కనుక్కుని మరీ. వదిన సంగతి వేరు, చర్మం దళసరి, ఉండేది ఉదయగిరిలో, అర్ధరాత్రి చెయ్యి వాస్తే నెల్లూరు పరుగెత్తేదెవరు? ఆమెకి లోహానిదే నయమేమో, డాక్టర్నే అడగమన్నా.